నొప్పి లేని గడ్డ

‘‘నొస్తలేదు గద మేడం. నొస్తే నేనే చెప్తుంటి.’’

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె అన్న మాట ఇది. బీపీ మాత్రల కోసం నెలనెలా మా పీహెచ్‌సీకి వచ్చేది. చేతికి పట్టీ చుట్టి, బీపీ చూసి, చీటీ రాసి పంపేదాన్ని. ఆ పట్టీకి జానెడు దూరంలో నిమ్మకాయంత గడ్డ ఉందని నాకు తెలిసేసరికే చంకలో బిళ్లలు కట్టాయి. ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

30 దాటిన ఆడవాళ్లు దేనికొచ్చినా ఇప్పుడు అడుగుతాను. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మా దగ్గర మామోగ్రాం మిషన్ లేదు. ఉన్నది చెయ్యే.

చేతి పరీక్షను ఒకప్పుడు నేనూ చిన్నచూపు చూశాను. టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి ముంబై బస్తీల్లో లక్షన్నర మంది మహిళలతో చేసిన అధ్యయనం నా అభిప్రాయం మార్చింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో చూస్తేనే జబ్బు ముందు దశల్లో దొరికింది. 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో మాత్రం ఆ తగ్గుదల కనిపించలేదు. అందుకే గడ్డ తగలకపోయినా, ‘‘ఐదేళ్లదాకా ఆగకు, ఏ తేడా కనిపించినా రా’’ అని చెప్పి పంపుతాను.

‘రొమ్ము చూపించు’ అంటే ఎవరూ చూపించరు. ‘‘పిల్లలకు పాలిచ్చినప్పుడు గడ్డ కట్టిందా?’’ అని మొదలుపెడతాను. పసరు పట్టు వేసిన సంగతి, అత్త తిట్టిన సంగతి అన్నీ బయటికొస్తాయి. ఆ మాటల్లోనే సిగ్గు సగం పోతుంది. తలుపు మూసి, ఆశాను పక్కన ఉంచుకుని చూస్తాను. చర్మం సొట్టపడిందా, చనుమొన లోపలికి పోయిందా, ఒక వైపే నెత్తురు చెమ్మ ఉందా అని ముందు కళ్లతో చూడాలి. తర్వాత మూడు వేళ్ల మెత్తటి భాగంతో పైపైన, కొంచెం లోతుగా, ఇంకా లోతుగా నొక్కి చూడాలి. చంక మరిచిపోకూడదు. వేళ్ల కింద జారిపోయే గడ్డ చాలాసార్లు క్యాన్సర్ కాదు. గట్టిగా, కదలకుండా ఉన్నదాన్ని చూస్తే భయం. ఏది ఏమిటో తేల్చాల్సింది మాత్రం స్కానింగు, సూది పరీక్షలే.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ‘‘పత్తి ఏరినంక పోత మేడం’’ అంటారు. మా రిజిస్టర్లో ‘పెద్దాసుపత్రికి పంపాం’ అనే గడి ఉంది, ‘వెళ్లింది’ అనే గడి లేదు. దాన్ని నేనే పెన్నుతో గీసుకున్నాను. మంగళవారం మంగళవారం ఆశాలతో కూర్చుని ముందు ఆ గడే చూస్తాను.