పైవంద్

కంప్యూటర్ ఆట అంటే పనిలేనివాళ్ల యావ అనుకునేవాళ్లు మాలోనూ ఉన్నారు, మీలోనూ ఉన్నారు. అయినా మేం ఒక కార్ల పందెం ఆట గురించే రాయదలిచాం. అస్తిత్వం గురించి చెప్పమంటే ఆట గోలేమిటని విసుక్కోకండి. ఆ ఆటలో పేరు పోగొట్టుకున్న కార్లున్నాయి. పేర్ల సంగతి మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆట పేరు గ్రాండ్ ప్రీ లెజెండ్స్. 1998లో అమెరికాలో పాపిరస్ అనే సంస్థ తయారుచేసింది, సియెర్రా కంపెనీ అమ్మింది. 1967 నాటి ఫార్ములా వన్ పందేలను ఉన్నదున్నట్టు తెర మీదికి తేవాలని వాళ్ల పట్టుదల. అప్పటి కార్లకు నేలకు అదిమిపట్టే రెక్కల్లేవు. ఆ ఏడే మొనాకోలో లోరెంజో బండీనీ కారు అంటుకుని, ఆ కాలిన గాయాలతోనే చనిపోయాడు. ఆటలోనూ కారు అంతే మొండిది. కొత్తగా ఆడేవాడు తొలి మలుపులోనే గిర్రున తిరిగి గడ్డిలో పడతాడు. చాలామందికి ఓపిక చాలలేదు. సరుకు అనుకున్నట్టు పోలేదు. 2004లో పాపిరస్ మూతపడింది.

బజారు లెక్కన ఆట కూడా చావాలి. చావలేదు. పగలు ఏదో ఉద్యోగం చేసుకుని రాత్రి దాని ముందు కూచునే అభిమానులు బతికించారు. వాళ్లకు జీతం లేదు. సోర్స్ కోడ్ చేతిలో లేదు. ప్రోగ్రాంలోని అంకెలు వెతికి, ఏది మారిస్తే ఏం కదులుతుందో పట్టుకున్నారు. ఆట పుట్టింది త్రీడీఎఫ్ఎక్స్ వంటి గ్రాఫిక్స్ కార్డుల కోసం. ఆ కార్డులు బజారులోంచి పోతే, కొత్త కార్డుల మీద నడిచే ముక్కను అభిమానులే రాశారు. సెకనుకు 36 బొమ్మలే చూపే కట్టడిని దాటి 60కి తెచ్చారు. ఉన్న ఆటకు బయటివాళ్లు చేసే ఇలాంటి మార్పుల్ని మోడ్‌లు అంటారు. 1967 ఒక్కటే ఉన్నచోట 1965 నాటి ఒకటిన్నర లీటర్ల ఇంజన్ల కార్లు చేరాయి, 1969 నాటి రెక్కల కార్లు చేరాయి. 11 పందెం దారులకు వందల దారులు తోడయ్యాయి. సిసిలీ కొండల్లోని 72 కిలోమీటర్ల టార్గా ఫ్లోరియో దారిని మలుపు మలుపునా కట్టారు.

ఇక పేర్ల సంగతి. 1967లో దక్షిణాఫ్రికా పందెం గెలిచింది కూపర్ కారు, పెడ్రో రోడ్రిగెజ్ నడిపాడు. ఇటలీ పందెం గెలిచింది హోండా, జాన్ సర్టీస్ నడిపాడు. హక్కులు కుదరక ఆటలో కూపర్‌ని కోవెంట్రీ అన్నారు, హోండాని మురసామా అన్నారు. ఒళ్లు అదే, పేరు వేరు. అభిమానులు పూనుకుని గెలిచినవాళ్ల పేర్లు గెలిచినవాళ్లకు తిరిగి రాసిపెట్టారు.

అది వ్యాపార హక్కుల లెక్క. మాది వేరే లెక్క. బడి రిజిస్టర్లో మా జహీర్ జాకీరయ్యాడు. ఓటర్ల జాబితాలో మా అమ్మీల పేర్లు వాళ్లే గుర్తుపట్టలేరు. పత్రికల్లో పనిచేస్తూ మేం ఇంకోటి చూశాం. బాంబు వార్తలో మా పేరు అక్షరం పొల్లుపోకుండా అచ్చవుతుంది. ర్యాంకు వార్తలో మాత్రం తప్పు పడుతుంది. ఆ తప్పులు దిద్దుతూనే మా సగం నౌకరీ గడిచింది.

అతుకుని ఉర్దూలో పైవంద్ అంటాం. చెట్టుకు కట్టే అంటుకూ అదే మాట. అతుకు పాతదాన్ని నిలబెడుతుంది, అంటు కొత్త కాయ కాయిస్తుంది. ఈ ఆటవాళ్లు రెండూ చేశారు.

ఇన్ని మార్చాక అది అసలు ఆటేనా అని పేచీ వస్తుంది. మేం ఆడి చూశాం. బొమ్మలు మారాయి, కార్లు మారాయి. మలుపులో వెనక చక్రాలు జారడం, స్టీరింగ్ ఎదురు తిప్పి కారును నిలబెట్టుకునే ఒడుపు, అవి ఉన్నాయి. అవి ఉన్నంతకాలం అది ఆ ఆటే.

మా భాష మీదా ఇదే పేచీ. 1918లో ఉర్దూ మాధ్యమంగా పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. పెద్ద నీడ పోయింది. ఆ తర్వాత మా ఇళ్లు, మదర్సాలు, ముషాయిరాలు, చిన్నా పెద్దా పత్రికలు ఉర్దూని మోసుకొచ్చాయి. లక్నో ఉర్దూ నేర్చినవాళ్లు మా దక్కనీ విని నవ్వుతారు. 'నక్కో' ఏం మాట అంటారు. మరాఠీ నుంచి వచ్చి మా నోట స్థిరపడ్డ మాట. తెలుగువాళ్లేమో 'మీరు తెలుగు భలే మాట్లాడతారే' అంటారు. మెచ్చుకోలే, కాదనం. కానీ మేం ఎక్కణ్నుంచో వచ్చామనే లెక్క అందులో ఉంది. ఒకరికి మా ఉర్దూ అసలుది కాదు, ఇంకొకరికి మా తెలుగు అసలుది కాదు.

మా పిల్లలు దక్కనీలో కొట్లాడుకుంటారు, తెలుగులో పాఠం అప్పజెబుతారు, అరబ్బీలో దువా చేస్తారు. వీటిలో ఏది అసలని మమ్మల్ని అడక్కండి. మీ ఇళ్లలోనూ బొంతలున్నాయి. చలి రాత్రి బొంత కప్పుకునేటప్పుడు ఇందులో అసలు గుడ్డ ఏదని ఎవరైనా అడుగుతారా?