తోలు మాది, కత్తి ఎవరిది?



మంగలి కత్తిని పాతబస్తీలో ఉస్తరా అంటారు. ఇప్పుడు సెలూన్లలో సగానికి విరిచిన బ్లేడు పెట్టి, ఒక్కరికి వాడి పారేస్తున్నారు. రక్తంతో అంటుకునే జబ్బులున్నాయి కాబట్టి అది మంచి పద్ధతే. అంతకుముందు ఒకే ఉక్కు కత్తికి పదును పెట్టుకుంటూ ఏళ్ల తరబడి వాడేవాళ్లు. అలాంటిదొకటి పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్‌లో, పాత తాళాల కుప్పలో నాకు దొరికింది. మెడ మీద జర్మనీలోని సోలింగెన్ ఊరి పేరు సగం చెరిగి ఉంది. పిడి ఒక పక్క విరిగిపోయింది.

దాన్ని బాగుచేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. పాత రివెట్ల తలలు ఆకురాయితో అరగదీసి బయటికి కొట్టాను. తుప్పు మీద నూనె పోసి నానబెట్టి, వాటర్ పేపర్‌తో చేత్తోనే రుద్దాను. గ్రైండర్ పెడితే ఆ వేడికి సన్నటి అంచు నీలంగా మారి ఉక్కు మెత్తబడుతుంది. ఇక పదును నిలవదు.

కొత్త పిడికి గేదె కొమ్ము తెచ్చాను. వేడి చేస్తే కొమ్ము వంగుతుంది. రెండు చెక్కల మధ్య బిగించి చల్లారనిస్తే చదునవుతుంది. రెండు రేకులు కోసి, నునుపు చేసి, జంటగా పట్టి బెజ్జాలు వేశాను. కత్తి తిరిగే చోట ఇత్తడి కడ్డీ. రెండో చివర రేకుల మధ్య సన్నటి ముక్క. అది ఎడం నిలబెట్టకపోతే మూసినప్పుడు అంచు పిడికి తగులుతుంది.

కొమ్మును రాస్తుంటే కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. రాక ఏం చేస్తుంది? కొమ్ము, గోరు, వెంట్రుక మూడూ కెరటిన్ అనే పదార్థమే. చచ్చిన గేదె కొమ్ము ముట్టుకున్న చెయ్యి మైల అన్నవాళ్లు నెత్తిన మోసేదీ అదే.

ఇక పదును. సానరాయి మీద వీపూ అంచూ రెండూ ఆనించి, అంచు ముందుగా నడపాలి. తోలుపట్టీ మీద వీపు ముందుగా నడపాలి, లేకుంటే తోలు తెగుతుంది. రాయి అంచు తీస్తుంది. ముఖం మీద పెట్టగలిగే నునుపు తోలు ఇస్తుంది.

ఆ తోలు ఎవరిది? చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చి, చర్మం ఒలిచి, సున్నంలో వేసి, తంగేడు చెక్కలో నానబెట్టి తోలు చేసింది మాదిగవాడ. మా తాత చేసిన తోలు మీద పదునెక్కిన కత్తి మా తాత గడ్డం మీదికి రాలేదు. మా వాడలో ఒకరికొకరం గీసుకున్నం. బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా ఇదే రాశారు. సతారాలో మంగళ్లున్నారు, ఇంట్లో డబ్బులూ ఉన్నాయి, అయినా పిల్లల జుట్టు తీసింది వాళ్ల అక్కే.

మా నాయిన కూలికి హైదరాబాద్ వచ్చి, పాతబస్తీలో మొదటిసారి కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకున్నాడు. ఆ హజామ్ అడిగింది ఒక్కటే: మీసం ఉంచాలా, తీయాలా? నగరంలో కులం లేదని కాదు. కిరాయి ఇల్లు అడిగి చూడండి, తెలుస్తుంది. కానీ ఆ ఒక్క ప్రశ్నను మా నాయిన చచ్చేదాకా చెప్పుకున్నాడు.

కోపమంతా మంగలాయన మీద పెట్టుకుంటే సగమే అర్థమైనట్టు. పొద్దున్నే ఎదురొస్తే అపశకునమని ఆయన్నీ అవమానించారు. ఏడాదికింత గింజలు కొలిచిన చెయ్యే, మాదిగవాడకు పోతే మా గడప తొక్కకు అని బెదిరించింది. 1890లో బొంబాయి క్షురకులు సమావేశమై వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించారు. కత్తి పట్టిన చెయ్యి పైవాళ్లకూ కాదని చెప్పగలదు. మనం అడగాల్సింది ఆ ‘కాదు’ ఎటు తిరగాలని.

సెలవులకు ఊరెళ్లే విద్యార్థులకు ఒక పని. మీ ఊరి సెలూన్‌లో మాల, మాదిగ వాడల వాళ్లకు అదే కుర్చీ, అదే తువ్వాలు, అదే వరుస ఉన్నాయా? ‘వాళ్లు రారు’ అని జవాబొస్తే, ఎందుకు రారో వాడకు పోయి అడగండి. అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. తేదీ, సమయం, అన్న మాట, విన్న సాక్షి నోట్‌బుక్‌లో రాసుకోండి. స్టేషన్‌కు పోయినప్పుడు ముందు అడిగేవి అవే.