పచ్చగానే ఉంది కదా

మా గేటు పక్కన తురాయి చెట్టును మా మామగారు 1981లో ఇల్లు కట్టినప్పుడు నాటారు. పెళ్లయి నేనా ఇంటికి వచ్చేనాటికే అది మేడ దాటింది. ఎండాకాలం పూసిందంటే మా ఇంటి నంబరు చెప్పాల్సిన పని ఉండేది కాదు, ఎర్రచెట్టు ఇల్లంటే ఆటోవాళ్లు తెచ్చి దింపేవారు. మా ప్రహరీకి ఆనుకుని దాని నీడలో ఇస్త్రీ బండి పెట్టుకుని ఒక కుటుంబం ఏళ్ల తరబడి బతికింది. అలాంటి చెట్టును కొట్టించాలని ఎవరికీ ఊరికే బుద్ధి పుట్టదు.

రెండేళ్ల కిందట చలికాలంలో మా వీధిలో డ్రైనేజీ పైపులు వేశారు. జేసీబీ మా గోడ పక్కనుంచి మనిషి లోతు కందకం తవ్వుకుంటూ పోయింది. చెట్టుకు రోడ్డువైపున్న వేళ్లన్నీ తెగిపోయాయి. చెయ్యి లావు వేళ్లు మట్టిగుట్ట మీద తెల్లటి కోతలతో పడి ఉంటే చూశాను. పైపులు వేశారు, పూడ్చారు, చెట్టు మొదలు దాకా సిమెంటు పోసి వెళ్లిపోయారు. తురాయి వేళ్లు లోతుకు పోయే రకం కాదు, పైపైన పక్కలకు పాకుతాయి. ఒక పక్క వేళ్లు పోతే ఆ పక్క పట్టు పోయినట్టే. 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ నగరంలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని ఆదేశించింది. ఊపిరాడే ఆ మీటరు చోటు మా వీధిలో ఏ చెట్టుకూ మిగల్లేదు.

మరుసటి మే నెలలో పూత సగానికి తగ్గింది. జూన్ వానలు పడగానే మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, అరచెయ్యంత పుట్టగొడుగులు లేచాయి. కూరకు ఏరుకునే మెత్తటివి కావు. బెరడుకు అతుక్కుని, చెక్కంత గట్టిగా, గోధుమరంగులో, అంచు మాత్రం తెల్లగా ఉన్నాయి. అలాంటివి మొదట్లో కనిపించాయంటే లోపల వేరో చేవో కుళ్లుతోందని తర్వాత తెలిసింది. ఆ నెలాఖరుకు రోడ్డువైపు సిమెంటు పలక మొదలు దగ్గర పైకి లేచింది, కింద వేలు దూరేంత సందు పడింది. ఒక సాయంత్రం గాలి వీస్తుంటే ఆ సందులో వేలు పెట్టి చూశాను. గాలి విసురుకు పలక లేస్తోంది, గాలి తగ్గితే దిగుతోంది. చెట్టు మా ఇంటివైపు ఒరుగుతోంది.

ఆ వైపు ముందు గదిలో మా అత్తమ్మ ఉంటుంది. తుంటి ఎముక విరిగి మంచానికే పరిమితమైన మనిషి.

చెట్లు కొట్టే ఆయన్ని పిలిపించాను. ఆయన గొడ్డలిని తిప్పి పట్టుకుని వెనకవైపుతో మొదలు చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. మూడు పక్కలా గట్టిగా పలికిన చెట్టు రోడ్డువైపు ఖాళీ డ్రమ్ములా మోగింది. "లోపటంతా బోలే మేడమ్. తోలు మీద నిలబడ్డది" అన్నాడు. అయితే కొట్టేయమన్నాను. చేతులు జోడించాడు. "కాగితం లేకుంటే నేను ముట్టను. పోయినసారి ఆటోట్రాలీ, రంపం మిషన్ రెండూ పట్టుకపోయిన్రు. ఇడిపించుకునేటందుకు నా పెండ్లాం పుస్తెలు కుదవబెట్టిన." ఆయన్ని బలవంతం చేయడానికి నాకు నోరు రాలేదు.

కాగితమంటే వాల్టా అనుమతి. నీరు, భూమి, చెట్టు మూడింటినీ కాపాడడానికి 2002లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన చట్టం అది. సొంత ఇంట్లో సొంత చేత్తో నాటిన చెట్టయినా అడగకుండా కొట్టకూడదు. ఆ చట్టం మీద నాకు కోపం లేదు. అది లేకుంటే మా కాలనీలో ఈపాటికి చెట్టన్నది ఉండేది కాదు. పాత ఇళ్లు అపార్ట్‌మెంట్లవుతున్న చోట సెల్లారుకు అడ్డమొచ్చిన ప్రతి వేపనూ, ప్రతి మామిడినీ ప్రమాదకరమని రాసి అర్జీ పెట్టేవాళ్లున్నారు. చుట్టూ బెరడు ఒలిపించి, మొదట్లో యాసిడ్ పోయించి, అది ఎండాక ఎండిపోయిందని దరఖాస్తు తెచ్చేవాళ్లూ ఉన్నారు. అధికారులు అనుమానించడం న్యాయమే. కాని అనుమానం తీరాలంటే వచ్చి చూడాలి. నా కష్టమంతా ఆ "వచ్చి చూడటం" దగ్గరే వచ్చింది.

మొదట అర్జీ కాగితాల దగ్గర ఆగింది. ఇంటి పన్ను రసీదు ఇంకా మామగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి చాలా కాలమైంది. "చనిపోయినాయన ఇంట్ల చెట్టుకు మీరెట్ల అడుగుతరమ్మా?" అన్నాడు సెక్షన్‌లో గుమస్తా. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలన్నారు, వారసులందరి అంగీకార పత్రం కావాలన్నారు. మా మరిది మస్కట్‌లో పనిచేస్తాడు. సంతకం చేసి ఫోన్లో ఫొటో పంపితే చెల్లదన్నారు. అసలు కాగితం ఊరికొస్తున్న ఎవరి చేతికో ఇచ్చి పంపాడు. అది వచ్చేలోపు ఆషాఢం వచ్చింది.

తర్వాత చెట్టు ఎవరిదన్న ప్రశ్న లేచింది. ఇంటి ఆవరణలోది కాబట్టి అటవీశాఖ చూడాలని మున్సిపల్ ఆఫీసులో అన్నారు. మొదలు లావెక్కి గోడను తోసుకుని రోడ్డు మీదికి వచ్చింది కాబట్టి మున్సిపాలిటీ రిమార్కులు కావాలని అటవీశాఖలో అన్నారు. కొమ్మల మధ్యనుంచి కరెంటు తీగలు పోతున్నాయి. తీగలకు తగిలే రెమ్మలైతే నరుకుతాం, మొదలు జోలికి మేం రామని లైన్‌మన్ చెప్పాడు. ప్రతిచోటా మర్యాదగానే మాట్లాడారు, కూర్చోమన్నారు, ఫైలు పుటప్ చేస్తామన్నారు. వద్దని రాయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఆగమని చెప్పడానికి సంతకం అక్కర్లేదు. ఆ వానాకాలమంతా నాతో ఆగమనే అన్నారు.

కాలనీలో నా మంచి కోరేవాళ్లు వేరే దారి చెప్పారు. రాత్రికి రాత్రి కొట్టించేయండి, జరిమానా కట్టి ఊరుకోండన్నారు. ఒకాయన యాసిడ్ క్యాను తానే పంపిస్తానన్నాడు. నలభై ఏళ్లు మాకు నీడనిచ్చిన చెట్టును విషం పెట్టి చంపడానికి నేను ఒప్పుకోలేదు. పైగా మొదట్లో అలా చచ్చిన చెట్టు ఇంకా తొందరగా కూలుతుంది.

ఇంతలో మేం ఇల్లు బిల్డర్‌కు ఇస్తున్నామనీ, అందుకే చెట్టు అడ్డమైందనీ ఫిర్యాదు వెళ్లింది. దానికి చెట్టు ఎర్రగా పూసినప్పటి ఫొటోలు జతచేశారు. పెట్టింది మా వెనక వీధి పెద్దాయన. రోజూ పొద్దున బకెట్లతో పార్కులో మొక్కలకు నీళ్లు పోసే మనిషి, ఆయన మీద నాకు గౌరవం. ఇంటికి వెళ్లి, గాలి వీస్తున్నప్పుడు ఒక్కసారి రమ్మని అడిగాను. వచ్చారు. ఆ సిమెంటు పలక మీద అరచెయ్యి పెట్టించాను. చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. మర్నాడు ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు రాసిన కాగితం ఆయనే తెచ్చిచ్చారు.

రాత్రుళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. అత్తమ్మ మంచాన్ని వెనక వంటింటి పక్క గదిలోకి మార్చాం. గాలి దొరకదని, వీధి కనబడదని ఆమె రోజూ ఏడ్చేది. ఇస్త్రీ అతన్ని బండి సందు మొగలోకి జరుపుకోమని బతిమాలాను. వారం తిరక్కుండా మళ్లీ చెట్టు కిందికే వచ్చాడు. "ఎండల బొగ్గుల కాడ నిలబడలేనమ్మా, ఆడ గిరాకీ సుత లేదు" అన్నాడు. చెట్టు నీడలో ఆగే స్కూలు వ్యానును మాత్రం ముందుకు ఆపించగలిగాను. ఈదురుగాలి మొదలైతే నేను ముందు వరండాలో బ్యాటరీ లైటు పట్టుకుని కూర్చునేదాన్ని. మా చెల్లెలు విశాఖలో ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు వాళ్ల వీధి చెట్లు వేళ్లతో సహా లేచిపోవడం కిటికీలోంచి చూసింది. ఫోన్లో నా మాట విని, "అక్కా, చెట్టు పడేముందు నేల లేస్తుంది. నీ పలక లేవడం అదే. మీరంతా వచ్చేయండి" అంది. మంచంలో ఉన్న మనిషిని ఎక్కడికని తీసుకెళ్లను?

చివరికి ఒక ఎండపొద్దున తనిఖీకి వచ్చారు. వచ్చినాయన రోడ్డు అవతల నిలబడి తలెత్తి చూశారు. వానలకు చెట్టు నిండా చిగురు ఉంది. "పచ్చగానే ఉన్నది గదమ్మా" అన్నారు. మొదలు దగ్గరికి రమ్మన్నాను, పుట్టగొడుగులు చూపించాను. సెల్‌ఫోన్లో ఒక ఫొటో తీసుకున్నారు, అదీ కొమ్మలది. ఫైల్లో "చెట్టు ఆరోగ్యంగా ఉన్నది, కొమ్మలు కత్తిరిస్తే చాలు" అని రాశారని తర్వాత తెలిసింది.

ఆ మాటకు జవాబు నాకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక లెక్చరర్ దగ్గర దొరికింది. నీరు ఎక్కేది బెరడు కిందనున్న చెక్క పొరల్లోంచి. నడుమనున్న చేవ బరువు మోయడానికే ఉంటుంది, అది పచ్చి ప్రాణం ఉన్న చెక్క కాదు. అందుకే నడుమంతా కుళ్లినా పైపొర బతికున్నంతకాలం ఆకు పచ్చగానే ఉంటుంది, పూలు కూడా పూస్తాయి. ఎప్పుడో తీగల కోసం మోటుగా నరికిన కొమ్మ మోడులోంచి నీరు దిగి కుళ్లు మొదలై ఉంటుందనీ, వేళ్లు తెగడంతో అది రెండువైపులా పాకిందనీ ఆయన చెప్పారు. చిగురుతో నిండిన తల బరువే ఇప్పుడు దానికి ముప్పన్నారు. ఇవన్నీ వరుసగా రాసి సంతకం చేసి ఇచ్చారు. ఢిల్లీలో 1994 నాటి చట్టం ప్రకారం ప్రాణానికి తక్షణ ముప్పున్న చెట్టును యజమాని ముందు తీసేసి 24 గంటల్లోగా అధికారికి తెలియజేయవచ్చని కూడా ఆయనే చెప్పారు. అలాంటి వెసులుబాటు మాకేమైనా ఉందా అని రాసి అడిగాను, ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకుని వచ్చాను. జవాబు రాలేదు.

ఒకరోజు సంధ్యవేళ. పెద్ద గాలి కూడా లేదు. చెవులు పగిలే చప్పుడుతో గేటువైపు పెద్ద కొమ్మ మొదలంటా చీలి గేటు మీద, ఇస్త్రీ బండి మీద పడింది. బండి పై రేకు నేలకంటుకుపోయింది, నిప్పుల పెట్టె వీధి మధ్యకు ఎగిరిపడింది. అతను బట్టలివ్వడానికి పక్క వీధికి వెళ్లాడు. ఎప్పుడూ ఆ బండి కింద కూర్చుని రాసుకునే వాళ్ల పాప మంచినీళ్లకని మా ఇంట్లోకి వచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆ పిల్లను నేను గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరికీ వణుకు ఆగలేదు.

గంటలోపే రంపాలతో, లారీతో మనుషులు వచ్చారు. రాత్రికి రాత్రే వీధంతా శుభ్రం చేశారు. ఎంతో కష్టపడ్డారు, వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. మిగిలిన చెట్టు కూడా తీసేయమంటే మాత్రం, "పడ్డదానికి ఆర్డర్ అవసరం లేదమ్మా, నిలబడ్డదానికి కావాలె" అన్నారు. సగం బరువు పోయి, ఇంకో పక్కకు ఒరిగిన చెట్టును వదిలి వెళ్లారు.

సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. చితికిన బండి ఫొటో, లెక్చరర్ గారి ఉత్తరం, అంతవరకు పెట్టిన అర్జీల రసీదులు ఒక దారానికి గుచ్చి ఇచ్చాను. బల్ల అవతల అధికారి ఫొటో చూసి ఒక్కటే అడిగారు: "పడితే ఎవరి మీద పడుతుంది?" అన్ని ఆఫీసుల్లో చెట్టు ఎవరిదని అడిగారు గాని ఈ మాట ఎవరూ అడగలేదు. అత్తమ్మ సంగతి, పాప సంగతి చెప్పాను. ఫైలు మీద ఏదో రాశారు. ఆ వారమే ఒక యువతి, అటవీశాఖ అధికారిణి, వచ్చింది. చీపురు అడిగి మొదలు చుట్టూ ఊడ్చింది. గునపం తెప్పించి బెరడు చీలిన చోట మోపి నెట్టింది. సుత్తి దెబ్బ లేకుండా అది మోచేతి లోతు దిగింది. వరండా మెట్ల మీద కూర్చుని, రిపోర్టులో "ప్రమాదకరం, వెంటనే తొలగించాలి" అని నా కళ్లముందే రాసింది.

ఫీజు కట్టించుకున్నారు, బదులుగా మొక్కలు నాటి పెంచుతామని రాయించుకున్నారు. రెండూ సబబే. కొట్టేటప్పుడు మొదలు అడ్డకోతలో రోడ్డువైపు గట్టి చెక్క నాలుగు వేళ్ల మందం ఉంది. రంపానికి తెల్లటి పొట్టు రాలాల్సిన చోట నల్లటి తడి మన్ను రాలింది. ఇస్త్రీ బండికి పరిహారం ఏ శాఖలోనూ దొరకలేదు. కాలనీవాళ్లం చందా వేసుకుని కొత్తది చేయించాం.

మా తురాయి పోయాక నీడ కోసం స్కూలు వ్యాను రెండిళ్ల అవతల నిద్రగన్నేరు కింద ఆగుతోంది. జేసీబీ తవ్విన కందకం దాని వేళ్ల మీదుగా కూడా పోయింది, మొదట్లో సిమెంటు బీట వారింది. ఆ ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. పన్ను రసీదు, వారసుల అంగీకారం, ఫొటోలు అన్నీ ముందే కూర్చి ఇద్దరం కలిసి అర్జీ రాశాం. పడితే ఎవరి మీద పడుతుందో మొదటి వాక్యంలోనే రాశాం, పిల్లలు వ్యాను ఎక్కే వేళతో సహా. తనిఖీ తేదీ రసీదు మీద రాసివ్వమని అడిగాం. అలా రాసే పద్ధతి లేదన్నారు. అర్జీ తీసుకున్నారు. చూడటానికి ఇంకా ఎవరూ రాలేదు.