మా ఇంటి కంప్యూటర్‌కు జ్వరమా?

తాతగారి కాలంనాటి ఫోటోలు, పొలం పత్రాలు స్కాన్ చేసి దాచుకుందామని సంక్రాంతికి మా అబ్బోడూ నేనూ కూర్చొని విడిభాగాలతో ఒక కంప్యూటర్ బిగించినాము. అదే రోజు నాకు గుండె జారింది. ప్రాసెసర్ వేడి 41 డిగ్రీలు. ఒక ఫోటో తెరిస్తే చాలు 66. రెండు సెకన్లలో మళ్లీ 43. దాంతోపాటే ఫ్యాను రయ్యిమనడం, ఆగడం. "నాయనా, పేస్టు సరిగ్గా పూయలేదేమో, విప్పుదామా?" అన్నాడు వాడు. పెట్టిన దుడ్డంతా కాలిపోతుందేమోనని నా భయం.

మా హొసూరు 1920లో హెచ్. నరసింహయ్య గారు పుట్టిన ఊరు. దేన్నైనా ప్రశ్నించి, పరీక్షించి చూడమన్న మనిషి. ఆయన ఊళ్లో ఉండి చూడకుండానే స్క్రూలు విప్పేదా? నోటుపుస్తకం తీసినాను.

ఫోటోలన్నీ ఒకేసారి మార్చే పని అరగంట పెట్టినాము. వేడి మెల్లగా ఎక్కి 74 దగ్గర నిలిచింది. పేస్టు పట్టకపోయుంటే అక్కడ ఆగదు, నూరు దాకా పోయి ప్రాసెసరే వేగం తగ్గించుకునేది.

మరి ఆ ఎగరడం? మా ఆమె తిరగవాత వేస్తుంటే తెలిసింది. గంటెలో నూనె క్షణంలో కాగుతుంది, పక్కన సంగటి ఎసరు మాత్రం నిదానంగానే మరుగుతుంది. చిప్ వేలిగోరంత, కొలిచే సెన్సారూ దాని లోపలే. పని తగలగానే అది వోల్టేజి పెంచుకొని పరుగందుకుంటుంది. ఆ వేడికి పైనున్న లోహపు దిమ్మె వెచ్చబడేలోపే పని అయిపోతుంది. ఎగిరేది గంటె, ఎసరు కాదు.

బయాస్‌లో ఫ్యాను కొన్ని సెకన్లు ఆగి కదిలేలా పెట్టినాము, రొద పోయింది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో గది వేడెక్కితే లెక్కలన్నీ ఏడెనిమిది డిగ్రీలు పైకి పోతున్నాయి, పోనీ. స్కాన్ చేయాల్సిన పత్రాలు ఇంకా రెండు పెట్టెలున్నాయి.