పలక మీద అద్దె ఇల్లు

మార్కాపురం పలకల ఊరు. 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడి రాతిపలకల మీద ఎన్ని తరాలవాళ్లు ఓనమాలు దిద్దుకున్నారో! మొన్న నేను ఇల్లు వెదుకుతూ చెన్నకేశవస్వామి గుడి దగ్గర తిరుగుతుంటే, ఒక గుమ్మానికి అట్టకు బదులు పలకే వేలాడుతోంది. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును. రెండు గదులు, వంటిల్లు. గాలీ వెలుతురూ పుష్కలం."

'ఇవ్వబడును' అనే ప్రయోగం అద్దె ఇళ్ల పుణ్యమా అని బతికి ఉంది సుమండీ!

గోడలకు కొత్త సున్నం, గడపకు పసుపు. చూడముచ్చటగానే ఉంది. "నీళ్ల సంగతేమిటమ్మా?" అన్నాను. ఈ పడమటి సీమలో ముందు అడగవలసిన మాట అది. వానలు తక్కువ, చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి. అది మరీ ఎక్కువైతే పెద్దల కీళ్లు బిగుసుకుపోతాయి. ఆ గార ఎంత తోమినా పోదు.

"బోరునీళ్లు వాడకానికే సారూ. తాగేవి కొనుక్కోవాల," అంది ఇంటి పెద్దావిడ.

"ఆ ముక్క పలక మీద లేదే?"

"రాస్తే ఇంకెవరొస్తారు?"

"రాయకపోతే వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారమ్మా?"

ఆవిడ కాసేపు నా మొహంకేసి చూసి, సుద్దముక్క తీసుకుంది. పలక మీద చోటు చాలక, 'పుష్కలం' కింద ఇరుకుగా రాసింది: "తాగేనీరు కొనుక్కోవలెను."

అద్దె బేరం ఆ తరువాతే మొదలైంది.