ఎంత ఎత్తు మెట్టు?

పికప్ బండికి ఎలాంటి ఫుట్‌బోర్డు మంచిదని నేను నాలుగు షాపులు తిరిగితే నాలుగు చోట్లా మొదట అడిగింది ఒకటే. "బండి ఎవరు నడుపుతరు మేడం?" ఎవరు ఎక్కుతారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మాది కమాన్‌పూర్. మా అత్తమ్మ ముప్పై ఏళ్లకు పైగా కూరగాయలు అమ్ముతోంది. మొదట్లో నెత్తిన గంప, ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత ఆటో. సెంటినరీ కాలనీలో, గోదావరిఖనిలో ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా కొనని ఇళ్లున్నాయి. రెండేళ్ల కింద అప్పు చేసి పాత పికప్ ఒకటి కొన్నాం. తోటల దగ్గర సరుకు కొనడం, కిస్తీలు కట్టడం నా పని. బేరం, డబ్బు ఆమెవి. నడపడానికి ఒక పిల్లవాణ్ణి జీతానికి పెట్టుకున్నాం. కొత్తలో అత్తమ్మ రోజూ ముందు సీట్లో కూర్చుని దర్జాగా వెళ్లేది. నాలుగు నెలలు గడిచేసరికి "మోకాళ్లు గుంజుతున్నయి, నువ్వే పో బిడ్డా" అనడం మొదలుపెట్టింది.

నేను వెళ్తే బేరం ఆమెకు కుదిరినట్టు కుదరదు. "అవ్వ ఏది?" అని అడిగి ముందుకెళ్లిపోయేవాళ్లు. అంతకంటే ఇబ్బంది ఇంట్లో. ముప్పై ఏళ్లు ఆమె నడుముకున్న డబ్బుల సంచి నా చేతికొచ్చింది. సంచితో పాటు మాట కూడా వస్తుందని ఆడవాళ్లకు వేరే చెప్పాలా? ఎప్పుడూ కొడుకును చేయి చాచి అడగని మనిషి, మాత్రలకు డబ్బులడగడం నేను విన్నాను.

నొప్పి నిజమే. వంగి నాట్లేసిన మోకాళ్లవి. కానీ అసలు సంగతి ఒకరోజు వంకాయలు ఏరుతూ చెప్పింది. కాలు అందక డ్రైవరు పిల్లవాడు చేయి పట్టి లాగాలి, లేదా మార్కెట్లో ఎవరో ఒకరు వెనక నుంచి నడుం పట్టి ఎత్తాలి. "పిలగాడు మంచోడే. గని రోజుకు నాలుగు మాట్ల మొగోళ్ల చేతుల మీద ఎక్కుడు దిగుడు ఏంది? నేను మూటనా?"

ఆ సాయంత్రం టేపు పెట్టి కొలిచాను. నేల నుంచి మా బండి క్యాబిన్ గడపకు 26 అంగుళాలు. మా ఇంటి మెట్టు 7. పెరట్లో ఇటుకలు పేర్చి అత్తమ్మను ఎక్కమన్నాను. నాలుగు ఇటుకలు, అంటే 12 అంగుళాల దాకా గోడ పట్టుకోకుండా ఎక్కింది. అయిదో ఇటుకకు గోడ పట్టుకుంది. ఆరో ఇటుకకు కుచ్చిళ్లు పైకి ఎత్తాల్సి వచ్చి, దిగిపోయింది. చీర కట్టులో అడుగు ఎంత లేస్తుందో ఆ బండి గీసినవాళ్లకు తెలియకపోతే పోనీ, కొలిచి చూడాలని కూడా తోచలేదు.

షాపుల్లో చూపించినవి చూశాను. తళతళలాడే స్టీలు పైపు ఒకటి. గుండ్రంగా ఉన్న పైపు మీద చెప్పు నిలుస్తుందా? అందానికే అది. అల్యూమినియం రేకుది తేలిక, తుప్పు పట్టదు. కానీ బిగించేది తలుపు కింది పల్చటి రేకుకు, నాలుగు మరలతో. మనిషి బరువు రోజూ పడితే రేకు చిరుగుతుంది. పైగా అల్యూమినియం ఇనుముకు నేరుగా తగిలి నీళ్లు చేరితే తినేస్తుంది, మధ్యలో రబ్బరు వేయాలి. ఇంకోటి గట్టిదే కానీ 18 అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఆరు ఇటుకల లెక్కన్నమాట.

చివరికి వెల్డింగు షాపులో చేయించాం. నేల నుంచి 13 అంగుళాలు, అక్కడి నుంచి గడపకు మరో 13. అయిదో ఇటుకకు కొంచెం తక్కువే, కానీ పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది. వెడల్పు 8 అంగుళాలు. ప్యాంటు వేసుకున్నాయన ఒక కాలు మోపి లోపలికి దూకుతాడు, మనం రెండు పాదాలూ మోపి నిలబడి, చీర సర్దుకుని ఎక్కుతాం. పైన రేకు కాకుండా పళ్లున్న జాలీ వేయించాను. మా రోడ్ల మీద బొగ్గు టిప్పర్లు తిరుగుతాయి. వాన పడితే ఆ దుమ్ము నల్లటి జారుడు ముద్ద అవుతుంది. రేకు మీద అది నిలుస్తుంది, జాలీలోంచి రాలిపోతుంది. అంచులు లోపలికి వంచి, బోల్టుల తలలు కిందికి పెట్టించాను, అంచు చీర చిక్కుకోకుండా. "ఇదేం పట్టింపు అక్కా" అని వెల్డింగాయన నవ్వాడు. చాసిస్‌కు నేరుగా వెల్డు చేస్తానంటే ఒప్పుకోలేదు. ఆ వేడికి దాని బలం తగ్గుతుంది. ముందే ఉన్న రంధ్రాలకు బ్రాకెట్లు బోల్టులతో బిగించాం. వెల్డింగు అయ్యాకే జింకు పూత వేయించాం. రంగయితే అతుకుల దగ్గరే ముందు లేస్తుంది. మెట్టు బండి వెడల్పు దాటకుండా చూసుకున్నాం. బయటికి పొడుచుకొస్తే పక్కన పోయే స్కూటరు వాళ్ల పిక్కలు తెగుతాయి. తలుపు పక్కన అత్తమ్మ భుజం ఎత్తులో నిలువు కడ్డీ పెట్టించాం. కంపెనీ ఇచ్చిన పిడి పైకప్పు దగ్గరుంది.

ఇంత చేసినా డ్రైవరుతో ఒక మాట గట్టిగా చెప్పాను. బండి కదిలాక దాని మీద ఎవరూ నిలబడకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ చెప్పేదీ అదే. తమాషా ఏమిటంటే, 1989 నిబంధనల్లో 123వ నంబరు రూలు మోటారు సైకిలు వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలంటుంది. వెనక సీటు దాకా చట్టానికి చీర గుర్తుందన్నమాట! ట్రాలీల్లో కుక్కుకుని కూలికి పోయే ఆడవాళ్లు మాత్రం ఎవరికీ గుర్తుండరు. 2018 జూన్ 24న వేములకొండ దగ్గర ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు కూలి ఆడవాళ్లే.

మా బొగ్గు ప్రాంతంలో యంత్రాలకు కొదవ లేదు. డంపరెక్కాలంటే నిచ్చెనే ఉంటుంది. ఆ నిచ్చెన ఎవరి కాలికి కొలిచారో ఊహించడం కష్టం కాదు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి దింపవద్దంది. 2019లో షరతులతో సడలించారు. చట్టం తలుపు తీసినంత మాత్రాన మెట్టు దానంతటదే దిగి రాదు కదా.

మెట్టు బిగించిన మొదటి రోజు అత్తమ్మ ఏమీ అనలేదు. తెల్లారి ఎక్కి కూర్చుని, సంచి ఇమ్మని చేయి చాపింది. ఇచ్చాను. అప్పటి నుంచి నేను తోటలకే పరిమితం. నాకూ అదే హాయి.

నెల తిరిగేసరికి ఎడమ వైపు రెండు బోల్టులు వదులయ్యాయి. స్ప్రింగు వాషర్లు వేసి మళ్లీ బిగిస్తుంటే పక్కనే నిలబడింది. "ఇంకింత బిగియ్యి. రేపు టమాట లోడు ఉన్నది, పొద్దుగాల్నే పోవాలె."