గుజరాతీ గల్లీలో పది ఎంఎం

కోఠి గుజరాతీ గల్లీలో కొత్త సరుకంతా కింది అద్దాల వెనకాలే మెరుస్తుంటుంది. పాత లెన్సులు అమ్మేవాళ్లు, బాగుచేసేవాళ్లు కావాలంటే మెట్లెక్కాలి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. పైన చిన్న గది. గోడ పొడవునా బల్ల, దాని మీద ఆకుపచ్చ రబ్బరు షీటు, మెడ వంచే దీపం, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, లెన్స్ రింగులు తిప్పే రెండు మొనల పనిముట్టు. విప్పిన మరలన్నీ విప్పిన వరుసలోనే ఒక టేపు మీద అంటించి ఉన్నాయి. కిటికీ పక్కన డ్రై కేబినెట్. లోపల తేమ 45 శాతమని ఎర్ర అంకెలు చెబుతున్నాయి. బయట అప్పుడే వాన వెలిసింది.

ఈ గది యజమాని అరవై దాటిన మనిషి. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, రెండో కంటితోనే నన్ను చూశాడు. “ఏం తీస్తవ్ తమ్మీ?” అన్నాడు. ఏ లెన్స్ కావాలని కాదు.

సైకిళ్లు తీస్తానని చెప్పాను. మా సైకిల్ జట్టు ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీద తొక్కుతుంది. 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల ఆ దారిలోకి మోటారు బండ్లు రావు కాబట్టి, అక్కడ ఇంకో సైకిల్ మీంచో, పక్కన నిలబడో తీయాలి. అనంతగిరి ఘాట్‌లో అయితే స్కూటర్ వెనక సీట్లో కూర్చుని తీస్తాను. నా దగ్గరున్నది కెనాన్ 200డి మార్క్ 2, దానితో వచ్చిన 18-55. కాస్త వెనక్కి జరిగినా సైకిల్ ఫ్రేములో ఇమడదు. ఇమిడేంత దూరం పోతే మధ్యలో ఎవరో ఒకరు దూరతారు. జేబులో 15 వేలు మించి లేవు.

“వీడియో 4కెలో తీస్తున్నవా?”

“అవునన్నా.”

ఆయన కెమెరా తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. లెన్స్ 18 దగ్గర పెట్టి, ముందు ఫుల్ హెచ్‌డీలో గల్లీని చూపించాడు. ఎదురు భవనం, దాని పక్క చాయ్ కొట్టు, కింద ఆగిన ఆటో అన్నీ ఉన్నాయి. 4కెకి మార్చాడు. లెన్స్ కదల్లేదు, ఆయనా కదల్లేదు. చాయ్ కొట్టు పోయింది, ఆటో సగం పోయింది.

తర్వాత రసీదు పుస్తకం వెనక లెక్క వేశాడు. ఈ కెమెరా సెన్సరు వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. 18 ఎంఎం లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో కనిపించే వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. 4కెలో ఈ కెమెరా సెన్సరు నడిమి భాగాన్నే వాడుతుంది, వెడల్పు సుమారు 14 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అప్పుడు అదే రెండు మీటర్ల దూరంలో కనిపించేది ఒకటిన్నర మీటరు. పెద్దవాళ్ల సైకిల్ పొడవే దాదాపు మీటరు ముప్పావు. “చక్రం యాడికి పోతది మరి?” అని పెన్ను మూత పెట్టేశాడు.

వైడ్ లెన్స్ ప్రకటనల్లో డిగ్రీలు గొప్పగా రాస్తారు. 107 డిగ్రీలు, 110 డిగ్రీలు. నాకు మాత్రం ఆ రసీదు కాగితం మీద మీటర్లే అర్థమయ్యాయి. కొనబోయేవాళ్లకి ఇదొక్కటే చెబుతాను: డిగ్రీలు వదిలేయండి, మీరు మనిషికి ఎంత దూరంలో ఉంటారో చెప్పి, ఎంత వెడల్పు పడుతుందో అడగండి. సెన్సరు వెడల్పును లెన్స్ ఎంఎంతో భాగించి దూరంతో గుణిస్తే చాలు, ఫోన్‌లోనే వేసుకోవచ్చు. 10 ఎంఎం అయితే రెండు మీటర్లకు ఫుల్ హెచ్‌డీలో దాదాపు నాలుగున్నర మీటర్లు, 4కెలోనూ రెండు ముప్పావు. సైకిల్, దాని నీడ, ముందు కాస్త రోడ్డు కూడా పడతాయి. పైగా కెమెరాలో డిజిటల్ స్టెబిలైజేషన్ ఆన్ చేస్తే అది కూడా అంచుల్ని కోసుకుంటుంది. కాబట్టి కోతకు పోయేంత వెడల్పు ముందే చేతిలో ఉండాలి.

దూరం పోయి తీయొచ్చుగా అంటే ఆయన ఒప్పుకోలేదు. “దూరం పోతే స్పీడ్ కనవడదు.” నిజమే. వైడ్ లెన్స్‌తో దగ్గరగా ఉన్నప్పుడు, ఫ్రేము అంచున ఉన్నవి సాగి, ఒక్కసారిగా పెద్దవై వెనక్కి దూసుకుపోతాయి. సోలార్ ట్రాక్ మీద ఆ కప్పు మోసే స్తంభాలు వరసగా అలా పోతుంటే పాతిక కిలోమీటర్ల వేగం నలభైలా ఉంటుంది. అదే దారిని 50 ఎంఎంతో దూరం నుంచి తీస్తే మనిషి ఉన్నచోటే తొక్కుతున్నట్టు ఉంటాడు. ఆయన ‘శివ’లో పాపను ఎక్కించుకుని నాగార్జున తొక్కే చేజింగ్ గుర్తుచేశాడు. 1989 నాటి ఆ సినిమాకు ఎస్.గోపాల్‌రెడ్డి చేసిన ఛాయాగ్రహణం స్టెడీకామ్ వాడకంతో అప్పట్లో అందరి నోటా నానింది. కెమెరాతో దగ్గరికి పోయే ధైర్యం ఉండాలని ఆయన ఉద్దేశం. ఆ ధైర్యం చేసేవాళ్లకు నాదో మాట: స్కూటర్ నడిపేవాడు వేరే, తీసేవాడు వేరే ఉండాలి. కెమెరా తెర మీద కన్నుపెట్టి ఘాట్‌లో బండి నడపడం వీడియో కాదు, ఆత్మహత్య.

బల్ల మీదికి ఒక్కొక్కటీ తెచ్చాడు. మొదటిది 18-55 ముందు బిగించుకునే 0.45 వైడ్ కన్వర్టర్. అన్నిటికంటే చవక. బిగించి చూస్తే మధ్యలో సరే, అంచులు కరిగిపోయి, కిటికీ ఊచలకు ఊదారంగు అంచులు వచ్చాయి. పక్కన పెట్టేశాం. రెండోది 8 ఎంఎం ఫిష్ ఐ. గల్లీ మొత్తం ఇమిడింది, కానీ గోడలన్నీ వంగిపోయాయి. ఒకటి రెండు షాట్లకు సరదాగా ఉంటుంది, పది నిమిషాల వీడియోకి తల తిరుగుతుంది. మూడోది టోకినా 11-16, ఎఫ్ 2.8. 2008లో వచ్చిన లెన్స్, వీడియో తీసేవాళ్లు ఏళ్ల తరబడి మోసినది. మోశారనే అనాలి: బరువు 560 గ్రాములు, నా కెమెరా బాడీ బరువే 449. ఎఫ్ 2.8 పెళ్లి మండపాల్లో విలువైనది. ఉదయం ఎండలో సైకిళ్లకు దాని అవసరం నాకు కనబడలేదు.

నాలుగోది కెనాన్ 10-18, ఎఫ్ 4.5-5.6, 2014 నాటిది. బరువు 240 గ్రాములు, మౌంట్ ప్లాస్టిక్. చూడగానే చులకనగా అనిపించే వస్తువు. లోపల మాత్రం 14 గాజులు ఉన్నాయని ఆయన గౌరవంగా చెప్పాడు. అద్దం పైకి లేచే కెమెరాల్లో లెన్స్ సెన్సరుకు ఆనుకుని కూర్చోలేదు. కెనాన్ మౌంట్ అంచు నుంచి సెన్సరు దాకా 44 మిల్లీమీటర్లు. అంత ఎడం ఉంచుకుని 10 ఎంఎం పనిచేయాలంటే ముందు వెలుగును విప్పి, వెనక మళ్లీ కూర్చాలి. ఫ్రాన్స్‌లో పియరీ ఆంజెన్యూ 1950లో రెట్రోఫోకస్ పేరుతో అమ్మింది ఈ ఉపాయమే. వైడ్ లెన్స్ ముందుగాజు అంత బొద్దుగా ఉండటానికి, ధర ఎక్కువ కావడానికి కారణం ఇదేనట.

ఈ మాటల మధ్యలోనే ఆయన చేతిలో వేరే లెన్స్ ఉంది. ఎవరిదో, మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి కెమెరా బిగించి లద్దాఖ్ పోయి వచ్చిందట. ఊపితే లోపల టకటక శబ్దం. స్టెబిలైజర్ ఉన్న లెన్స్‌లో ఒక గాజుల గుంపు అయస్కాంతాల మధ్య తేలుతూ, చెయ్యి వణికితే ఎదురు వైపు జరిగి సరిచేస్తుంది. చేతి వణుకు నెమ్మదైనది. ఇంజిన్ అదురు సెకనుకు పదులసార్లు, గంటల తరబడి ఉంటుంది, దాన్ని అందుకోలేక ఆ గుంపే దెబ్బతింటుంది. ఇది ఒక్క పెద్ద లెన్సుల సంగతే కాదు. శక్తిమంతమైన మోటార్‌సైకిళ్ల అదురుకు ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. “హ్యాండిల్‌కి బిగించాలనుకుంటే నా దగ్గరకి రాకు, యాక్షన్ కెమెరా కొనుక్కో” అన్నాడు. వాటిలో స్టెబిలైజేషన్ లెక్కలతో జరుగుతుంది, కదిలే గాజు ఉండదు. చేతిలో పట్టుకుని వెనక సీట్లో కూర్చునే నాకు మాత్రం ఈ 10-18లోని స్టెబిలైజర్ మేలే చేస్తుంది, శరీరం చాలావరకు అదురును మింగేస్తుంది కాబట్టి.

ఫోకస్ గురించి నాకు బెంగ. 4కెలో ఈ కెమెరా డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ పనిచేయదు, తడుముకుంటుంది. “ఫుల్ హెచ్‌డీ తీయి, అప్పుడు పనిజేస్తది. అదీ వద్దనుకుంటే ఫోకసే వద్దు” అన్నాడు. 10 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 పెట్టి, మీటరు దూరంలోని వస్తువుకు ఒకసారి ఫోకస్ చేసి, లెన్స్ మీటను ఎంఎఫ్‌కి జరిపేస్తే, అర మీటరు నుంచి కొండల దాకా అన్నీ తేటగా ఉంటాయి. ఈ లెన్స్ మీద దూరాల గీతలు ఉండవు కనుక, బయల్దేరే ముందు స్కూటర్ ముందు చక్రానికి చేసుకుంటే సరి. వైడ్ లెన్స్ చవకలో కొనేవాడికి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే, ఆటోఫోకస్‌కి డబ్బు పోయనక్కర్లేదు. ఆ మాటకొస్తే పూర్తి మాన్యువల్ లెన్స్ కూడా సరిపోతుంది, నా కెమెరా మౌంట్‌కి ఆ గదిలో దొరకలేదు అంతే.

ఇక పాతది కొనే పరీక్షలు. దీపం ఆర్పి, చిన్న టార్చి వెలుగును లెన్స్ వెనక నుంచి ఏటవాలుగా వేశాడు. నన్ను ముందు నుంచి చూడమన్నాడు. దుమ్ము రేణువులు ఉన్నాయి, అవి పర్వాలేదు. చూడాల్సింది సన్నటి దారాల అల్లిక, ఫంగస్. మన వానాకాలం తేమలో బ్యాగులో మూసి ఉంచిన లెన్స్‌కి అదే శత్రువు. గాజు పైపూతను తినేశాక తుడిచినా మచ్చ మిగులుతుంది. తర్వాత ఎదురు భవనం ఇటుక గోడను ఎదురుగా తీయించి, నాలుగు మూలలూ పెద్దవి చేసి చూపించాడు. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లెన్స్ ఎక్కడో కిందపడి గాజు పక్కకు జరిగిందని అర్థం. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉన్నాయి. ఆ ధరకి అంతే.

ధర 13 వేలు చెప్పాడు. నేను 11 అన్నాను. ఆయన భూతద్దం మళ్లీ కంటికి పెట్టుకున్నాడు. 12 దగ్గర తీశాడు.

మిగిలిన డబ్బుతో వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కొనుక్కోమన్నాడు. సెకనుకు పాతిక ఫ్రేములు తీస్తే షట్టర్ 1/50 దగ్గర ఉండాలి, లేకపోతే చక్రం ఊచలు విడివిడిగా, కటువుగా కనిపిస్తాయి. నడి ఎండలో ఐఎస్‌ఓ 100తో 1/50కి ఎఫ్ 22 కావాలి, మనకు కావాల్సింది 5.6. నాలుగు స్టాపులు ఆపాలి, అంటే ఎన్‌డీ 16. “తిప్పేది వద్దు, ఒకటే నంబరుది తీస్కో.” తిప్పే వేరియబుల్ ఫిల్టర్ రెండు పోలరైజర్ల జోడీ. ఇంత వెడల్పు లెన్స్ మీద గట్టిగా తిప్పితే ఆకాశంలో నల్లటి అడ్డుగుర్తు పడుతుంది.

కింద షాపులో 67 ఎంఎం ఎన్‌డీ 16 అడిగాను. కుర్రాడు వేరియబుల్ తీసి చేతిలో పెట్టాడు. ఇది అన్నిటికీ పనిచేస్తుంది సార్, వ్లాగర్లందరూ ఇదే తీసుకెళ్తున్నారన్నాడు. 10 ఎంఎం మీద బిగించి చూపించమన్నాను. చూపించాడు, తిప్పాడు, కిటికీలోంచి మబ్బు మీద అడ్డుగుర్తు వచ్చింది. మాట్లాడకుండా లోపలికెళ్లి ఎన్‌డీ 16 తెచ్చాడు. దాని రేటు మాత్రం వేరియబుల్ రేటే చెప్పాడు. పైన అన్న పంపాడని చెప్పాక మూడో వంతు తగ్గింది.